మలుపులో బండి వెనక తోసినట్టు ఉంటే అలైన్‌మెంట్ ఎంతవరకు పనికొస్తుంది?

నమస్కారం అండి. మీరు అడిగింది ఇది: పాలకొల్లు నుంచి భీమవరం రోజూ తిరిగే మీ చిన్న కారు 2017 మోడల్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. తిన్నని రోడ్డు మీద ఇబ్బంది లేదు. కాలువ గట్టు మలుపుల్లో, ముఖ్యంగా కుడి మలుపుల్లో, 50 దాటితే వెనక భాగం బయటికి తోసినట్టు ఉంటోంది. రెండు నెలల కిందట ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించారు. టైర్ల షాపులో ఒకాయన ముందు చక్రాలకి 2 డిగ్రీల నెగటివ్ క్యాంబర్ పెడితే, అంటే చక్రాల పైభాగం లోపలికి వాల్చితే, బండి రోడ్డుకి అతుక్కుపోతుందన్నారు. పెట్టించనా, వద్దా అన్నది మీ ప్రశ్న.

పెట్టించకండి. మీ బండికి ఉన్న జబ్బుకి ఆ మందు వేస్తే జబ్బు ముదురుతుంది. మీకు జారుతున్నది వెనక. క్యాంబర్ మార్చేది ముందు. ముందు చక్రాల పట్టు పెంచి వెనకవి అలాగే వదిలేస్తే ముక్కు ఇంకా తొందరగా లోపలికి తిరుగుతుంది, తోక ఇంకా తొందరగా బయటికి పోతుంది. ముందు కొత్త టైర్లు, వెనక పాతవి ఉండటం వల్ల ఇప్పటికే మీ బండి సగం ఆ దారిలో ఉంది.

చేయాల్సింది ఈ వరుసలో చేయండి. కొత్త టైర్లు రెండూ వెనక్కి మార్చండి. నాలుగు టైర్లలో గాలి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్క ప్రకారం పెట్టించండి. ఎడమ వైపు చక్రాల కింద బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), జాయింట్లు, వెనక బీమ్ (వెనక రెండు చక్రాలనీ కలిపే ఇనుప దూలం) చూపించండి. వదులు ఉంటే మార్పించండి. ఇదంతా అయ్యాకే నాలుగు చక్రాల అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, అదీ కంపెనీ ఇచ్చిన అంకెలకే. ఈ వరుస తిరగేస్తే డబ్బులు రెండుసార్లు ఖర్చవుతాయి.

నేను రావులపాలెంలో అలైన్‌మెంట్ షెడ్డు నడుపుతున్నాను. 22 ఏళ్లుగా ఇదే పని. మొదట్లో దారం కట్టి, టేపు పెట్టి కొలిచేవాణ్ణి, ఇప్పుడు కెమెరాల మిషను ఉంది. మిషను మారినా నేను చూసే పద్ధతి మారలేదు. కారణాలు వివరంగా చెబుతాను, మీ మెకానిక్ దగ్గర నిలబడి అడగడానికి పనికొస్తుంది.

కుడి మలుపులోనే ఎందుకు?

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క "ముఖ్యంగా కుడి మలుపుల్లో" అన్నది. మలుపులో బండి బరువు బయటి వైపు చక్రాల మీదికి వాలుతుంది. కుడికి తిప్పితే మోసేది ఎడమ చక్రాలు, ఎడమకి తిప్పితే కుడి చక్రాలు. రెండు వైపులా ఒకేలా తేడా ఉంటే టైర్లు, గాలి, షాక్‌అబ్జార్బర్లు అనుకోవచ్చు. ఒక్క వైపే ఉందంటే దానికి ఎదుటి వైపు చక్రం దగ్గర ఏదో వదులైంది లేదా వంగింది. మీ విషయంలో ఎడమ వైపు, అందులోనూ వెనక.

మన ప్రాంతంలో ఎడమ చక్రాలే ముందు పాడవడానికి బలమైన కారణం ఉందండి. గట్టు రోడ్లు సన్నం. ఎదురుగా బస్సో, రొయ్యల లారీయో వస్తే మనం ఎడమ చక్రాలని తారు దింపి మట్టి మీదికి వెళ్లాల్సిందే. తారు అంచుకీ మట్టికీ మధ్య చాలాచోట్ల జానెడు దిగుడు. దిగేటప్పుడు ఒక దెబ్బ, ఎక్కేటప్పుడు టైరు పక్క గోడ అంచుకి ఒరుసుకుని ఇంకో దెబ్బ. పైగా మన నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుదించుకుపోతుంది. దాంతో రోడ్డు అలలు అలలుగా కుంగుతుంది, కాలువ వైపు అంచు ముందు దిగబడుతుంది. రోజూ నలభై యాభై సార్లు ఇలా దిగి ఎక్కే బండికి ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) బుష్, ఎడమ లింక్ రాడ్, ఎడమ వెనక చక్రం బేరింగ్ కుడి వైపు వాటికంటే ముందే అరుగుతాయి. నా షెడ్డుకి వచ్చే బండ్లలో ఇది చూసి చూసి, జాకీ ఎప్పుడూ ఎడమ వైపే ముందు పెట్టడం అలవాటైపోయింది.

వదులు చూసుకోవడం

మిషను చూపించేది బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి అంకెలు. మలుపులో, బ్రేకు మీద చక్రం ఆ అంకె దగ్గరే ఉంటుందా లేదా అన్నది రబ్బరు బుష్‌ల చేతుల్లో ఉంది. బుష్ చిరిగిన బండికి కూడా మిషను మీద అంతా పచ్చగా, అంటే హద్దులోనే ఉన్నట్టు, చూపిస్తుంది. రోడ్డెక్కి బ్రేకు తొక్కగానే చక్రం వెనక్కి జరుగుతుంది, జరగగానే టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ఎటు చూస్తోంది అన్న కోణం, మారిపోతుంది. మలుపులోకి బ్రేకు మీద దిగినప్పుడు ముందు భాగం అల్లాడితే నేను మొదట అనుమానించేది లోయర్ ఆర్మ్ వెనక బుష్‌నే.

చూసే పద్ధతి ఇది. చక్రాన్ని జాకీ మీద లేపి గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. ఆడితే చక్రం బేరింగ్ లేదా బాల్ జాయింట్. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపాలి. ముందు చక్రం అక్కడ ఆడితే టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ రాక్. బుష్‌లకి చేతి బలం చాలదు, ఇనుప కడ్డీతో మెల్లగా ఎత్తి చూడాలి. రబ్బరు పగిలిందా, ఇనుప స్లీవు నుంచి ఊడిందా అన్నది అప్పుడే కనిపిస్తుంది. ఇంత చూడకుండా నేరుగా మిషను ఎక్కించే చోట బండి పెట్టకండి.

ఇక వెనక. మీ బండి లాంటి చిన్న కార్లలో చాలావాటికి వెనక రెండు చక్రాలూ ఒకే బీమ్‌కి ఉంటాయి. ఆ బీమ్‌ని బాడీకి కలిపేవి రెండు పెద్ద రబ్బరు బుష్‌లు. అవి మెత్తబడితే మలుపులో పక్క బరువు పడగానే బీమ్ మొత్తం కొద్దిగా మెలి తిరుగుతుంది. బయటి వైపు వెనక చక్రం ముందు అంచు బయటికి చూస్తుంది, అంటే వెనక చక్రాలు తమంతట తాము స్టీరింగ్ తిప్పినట్టు అవుతుంది. మీరు రాసిన "తోసినట్టు" అన్న మాటకి ఇది బాగా సరిపోతుంది. చాలామంది మెకానిక్‌లు ముందు భాగమే చూసి వదిలేస్తారు. మీరు పక్కనే నిలబడి వెనక బుష్‌లు కూడా చూపించమనండి.

రెండేళ్ల కిందట అంబాజీపేట వైపు నుంచి ఒకాయన అచ్చం ఇదే ఇబ్బందితో వచ్చారు. ఆయన అప్పటికి రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయించారు. రెండు చోట్లా ముందు టో ఒక్కటే సరిచేసి పంపారు. నేను నాలుగు చక్రాలకీ కొలిస్తే వెనక ఎడమ చక్రం టో బయటికి ఉంది, కుడిది బాగానే ఉంది. అడిగితే గుర్తు చేసుకుని చెప్పారు, సంక్రాంతికి చుట్టాలింటికి వెళ్లి రాత్రి వస్తూ తూము గట్టుకి వెనక చక్రం కొట్టారట. రిమ్ము మార్పించుకుని అక్కడితో మరిచిపోయారు. వంగింది రిమ్ము ఒక్కటే కాదు, బీమ్ చివర కూడా. దాన్ని వేడి చేసి సుత్తితో లాగేద్దాం అని పక్క షెడ్డులో ఎవరో సలహా ఇచ్చారట. దయచేసి అది ఎవరూ ఒప్పుకోకండి. వేడి చేసిన ఇనుము బలం పోతుంది, అది మోసేది మీ పిల్లలు కూర్చునే వెనక సీటు. బీమ్ మార్పించారు. ఆ తర్వాత ఆయనకి మలుపుల్లో ఆ టెన్షన్ లేదు.

కొత్త టైర్లు వెనక ఎందుకు?

దీనికి చాలామంది ఒప్పుకోరు. ఇంజిను లాగేది ముందు చక్రాలు, స్టీరింగ్ ముందు, బ్రేకు బరువు ముందు, మరి మంచి టైర్లు ముందు ఉండాలి కదా అంటారు. మాట సబబుగానే ఉంటుంది. కానీ తడి రోడ్డు మీద ముందు టైరు జారితే బండి తిన్నగా బయటికి పోతుంది, కాలు తీస్తే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరుకుతుంది. మామూలు డ్రైవరు భయంతో చేసే పని కూడా అదే. వెనక టైరు జారితే బండి గిరుక్కున తిరుగుతుంది. అప్పుడు భయపడి కాలు తీసినా, బ్రేకు తొక్కినా బరువు ముందుకు వెళ్లి వెనక ఇంకా తేలికవుతుంది. దాన్ని సరిదిద్దడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. పక్కన కాలువ ఉన్న రోడ్డు మీద అసలు సాధ్యం కాదు. అందుకే రెండు టైర్లే కొంటే అవి వెనక్కే వెళ్లాలి.

వెనక ఇప్పుడున్న పాత టైర్ల వయసు కూడా చూడండి. టైరు పక్క గోడ మీద ఉండే తయారీ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు పని అయిపోయినట్టు లెక్క, గాడిలో ఉండే చిన్న దిమ్మె సమానంగా కనిపిస్తుంది. మన వానలకి నేను 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను. గాడి మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్లు వచ్చి ఉంటే అది తడిలో నిలబడదు.

ఇప్పుడు అంకెల సంగతి

మూడు కోణాలు తెలిస్తే చాలండి.

టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు ఎటు చూస్తున్నాయి అన్నది. పాదాల వేళ్లు లోపలికి పెట్టి నిలబడితే టో-ఇన్, బయటికి పెడితే టో-అవుట్. ముందు కొంచెం టో-ఇన్ ఉంటే బండి నిలకడగా పోతుంది. టో-అవుట్ ఉంటే స్టీరింగ్ చురుగ్గా తిరుగుతుంది, కానీ ప్రతి చిన్న గతుక్కీ దారి వెతుక్కుంటుంది. వెనక చక్రాలకి మాత్రం టో-అవుట్ ఎప్పుడూ ఉండకూడదు. టో తప్పితే టైరు ఎంత తింటుందో ఒక లెక్క చెబుతాను. 14 అంగుళాల రిమ్ము ముందు అంచుకీ వెనక అంచుకీ 1 మిల్లీమీటరు తేడా ఉంటే కోణం సుమారు 10 నిమిషాలు, అంటే డిగ్రీలో ఆరో వంతు. అంతేనా అనిపిస్తుంది. ఆ చక్రం కిలోమీటరుకి దాదాపు 2.8 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోతుంది. పది వేల కిలోమీటర్లకి 28 కిలోమీటర్లు రబ్బరుని అడ్డంగా రాసినట్టు.

ఈ టో విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక స్నేహితుడు స్టీరింగ్ ఇంకా చురుగ్గా కావాలంటే 3 మిల్లీమీటర్ల టో-అవుట్ పెట్టి ఇచ్చాను. ఊళ్లో తిప్పి చూసి చాలా బాగుందన్నాడు. వారం తిరక్కుండా గోదావరి మీది సిద్ధాంతం వంతెన దగ్గర పెద్ద గాలిలో, వెనక సీట్లో భార్యా పిల్లలూ ఉండగా, బండి రెండుసార్లు పక్క వరసలోకి లాగేసింది. దేవుడి దయవల్ల ఎదురుగా ఏ బండీ లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి తాళాలు చేతిలో పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఎవరు ఎంత అడిగినా కంపెనీ ఇచ్చిన హద్దు దాటి టో-అవుట్ పెట్టలేదు.

క్యాంబర్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే చక్రం వాలు. పైభాగం లోపలికి వాలితే నెగటివ్. మలుపులో బాడీ బయటికి ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం కూడా బయటికి వాలిపోతుంది, టైరు అంచు మీద నిలబడుతుంది. ముందే కొంచెం లోపలికి వాల్చి ఉంచితే ఆ సమయానికి టైరు చదునుగా కూర్చుంటుంది. మీ షాపాయన చెప్పిన దాంట్లో ఉన్న నిజం ఇంతవరకే. పోటీల్లో తిరిగే బండ్లకి అందుకే ఎక్కువ పెడతారు. వాళ్లకి మలుపులే ఎక్కువ, టైర్లు ఎంత అరిగినా లెక్క లేదు. మీరు రోజూ పోయే దారిలో ఎక్కువ భాగం తిన్ననిదే. అక్కడ 2 డిగ్రీలు వాలిన టైరు లోపలి అంచు మీదే నడుస్తుంది. బ్రేకు వేస్తే పూర్తి వెడల్పు దొరకదు. లోపలి అంచు వంగి చూస్తే తప్ప కనపడదు, కాబట్టి తీగలు బయటపడేవరకు మీకు తెలియదు. చాలా చిన్న కార్లకి కంపెనీ ఇచ్చేది సున్నా చుట్టుపక్కలే, కొద్దిగా నెగటివ్ వైపు. అందులోనే ఉండండి. అంకె ఎంత అన్నదానికంటే కుడికీ ఎడమకీ తేడా అర డిగ్రీ లోపు ఉందా అన్నదే మీకు ముఖ్యం. రెండు వైపులా సమానంగా లేని బండి ఒక మలుపులో ఒకలా, ఇంకో మలుపులో ఇంకోలా తిరుగుతుంది.

మీ బండి లాంటి చిన్న కార్లకి ముందు క్యాంబర్ మార్చడానికి మామూలుగా స్క్రూ ఉండదు. స్ట్రట్ (షాక్‌అబ్జార్బర్, స్ప్రింగు కలిసి ఉండే కాలు) కింద రెండు పెద్ద బోల్టులు వదులు చేసి ఆ సందులో దొరికినంత జరపాలి, లేదా దానికోసం అమ్మే క్యాంబర్ బోల్టు వేయాలి. కొన్ని చోట్ల హైడ్రాలిక్ జాకీ పెట్టి స్ట్రట్‌నే వంచేస్తారు. అంకె పచ్చగా వస్తుంది, షాక్‌అబ్జార్బర్ లోపలి రాడ్డు అడ్డంగా ఒరుసుకుంటూ కొన్నాళ్లకి ఆయిల్ కారుతుంది. అలా వంచిన బండ్లు ఏడాదికి అయిదారు నా దగ్గరికే వస్తాయి. చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది, ఎందుకంటే మొదట వచ్చిన తేడా పది నిమిషాల్లో తెలిసే బుష్‌ది.

క్యాస్టర్ అంటే పక్కనుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే గీత వాలు. దీన్ని సైకిల్‌తో పోల్చుకోండి. ముందు ఫోర్కు కింది భాగం కాస్త ముందుకు వాలి ఉండటం, చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి సాయపడుతుంది. కారులోనూ అంతే, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడానికి ముఖ్య కారణం అదే. మీ బండికి దీన్ని మార్చే వీలు మామూలుగా ఉండదు. అయినా కొలిపించండి. ఒక వైపు తక్కువైతే బండి అటు లాగుతుంది, అలా తక్కువైందంటే గుంతలో పడి ఆర్మ్ వెనక్కి జరిగిందని అర్థం. క్యాంబర్ బాగుండి క్యాస్టర్ తేడా వస్తే ఎక్కడ వంగిందో వెతకాలి.

ఎడమకి లాగుతోందని వచ్చే బండ్లన్నీ అలైన్‌మెంట్ కేసులు కావు. వాన నీళ్లు పోవడానికి రోడ్డుని మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం వేస్తారు. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఏ బండైనా కొద్దిగా ఎడమకి జారుతుంది. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద చూసుకుని చెప్పండి. అక్కడా లాగితే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. లాగడం కూడా అటు మారిందంటే తప్పు టైరుది.

మిషను దగ్గర నిలబడి చూడాల్సినవి

బండి మోడల్, సంవత్సరం సరిగ్గా ఎంచుకున్నారా. క్లాంపులు రిమ్ముకి సరిగ్గా పట్టుకున్నాయా, చక్రాన్ని తిప్పి రిమ్ము వంకర లెక్క తీసుకున్నారా. ఇది వదిలేస్తే వంకర రిమ్ము ఉన్న బండికి అన్నీ తప్పు అంకెలే. ముందు చక్రాలు తిరిగే పళ్లేల మీద ఉండాలి, పిన్నులు తీసి ఉండాలి. బండిని ముందూ వెనకా కిందికి నొక్కి వదిలి స్ప్రింగులు సర్దుకోనివ్వాలి. కొలత వెనకనుంచి మొదలుపెట్టాలి, తర్వాత ముందు క్యాస్టర్, క్యాంబర్, అన్నిటికంటే చివర టో. క్యాంబర్ మారిస్తే టో మారుతుంది కాబట్టి ఈ వరుస తప్పకూడదు. టో పెట్టేటప్పుడు స్టీరింగ్ మధ్యలో లాక్ చేసి ఉండాలి. బండికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ (జారేటప్పుడు తనంతట తాను బ్రేకు వేసి బండిని సర్దేది) ఉంటే పని అయ్యాక స్టీరింగ్ సెన్సార్‌ని సున్నాకి తేవాలి, లేకపోతే మలుపులో అది తప్పుగా జోక్యం చేసుకుంటుంది.

ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది అన్న ప్రింటు అడిగి తీసుకోండి. ఇవ్వం అంటే ఇంకో చోటికి వెళ్లండి.

ఇంట్లో మీరే చూసుకోవాలంటే టో ఒకటి చూడొచ్చు. గచ్చు నేల మీద బండి తిన్నగా పెట్టి, ముందు టైర్ల మధ్య భాగంలో ముందు వైపు, నేల నుంచి ఇరుసు ఎత్తులో సుద్దతో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలవండి. బండిని చేత్తో తోసి చక్రం సగం తిరిగేలా ముందుకు తీసుకెళ్తే ఆ గీతలే వెనక వైపుకి వస్తాయి. మళ్లీ కొలవండి. వెనక దూరం ఎక్కువ ఉంటే టో-ఇన్, ముందు దూరం ఎక్కువ ఉంటే టో-అవుట్. అదే గీత రెండు చోట్లా వాడుతున్నాం కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు. క్యాంబర్‌కి తాపీ మేస్త్రి గోడ నిలువు చూసే గుండు దారం చాలు. 14 అంగుళాల రిమ్ముకి పైన, కింద దూరాల్లో 6 మిల్లీమీటర్ల తేడా ఉంటే సుమారు 1 డిగ్రీ. దీంతో సరిచేయమని చెప్పడం లేదు, మిషను చెప్పింది నమ్మాలో లేదో తేల్చుకోవడానికి.

బరువు పెట్టి కొలవడం

ఇది చాలామంది వదిలేస్తారు. డిక్కీలో రోజూ కొబ్బరికాయల బస్తాలు వేసుకునే ఒక వ్యాపారి కారు ఖాళీగా నా దగ్గరికి వస్తే అంకెలన్నీ బాగున్నాయి. మలుపుల్లో ఊగుతోందని ఆయన మాట. మర్నాడు బస్తాలతో రమ్మన్నాను. వెనక స్ప్రింగులు కూర్చుండిపోయి ముక్కు పైకి లేచింది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికైపోయింది, వెనక ఉన్న బరువేమో మలుపులో బయటికి లాగుతోంది. వెనక టైర్లలో గాలి ఒక మనిషి తిరిగేటప్పటి లెక్కలోనే ఉంది. స్టిక్కర్ మీద నిండు బరువుకి వేరే అంకె ఉంటుందన్న సంగతి ఆయనకి తెలియదు. స్ప్రింగులు మార్చి, గాలి పెంచి, బస్తాలు ఉండగానే కొలిచి సరిచేశాం. మీరు కూడా రోజూ నలుగురితో వెళ్తుంటే అది ముందే చెప్పండి.

అలైన్‌మెంట్ చేయలేనివి

వరదకి లంకల్లో తిరిగి వచ్చిన బండ్లు స్టీరింగ్ వణుకుతోందని వస్తాయి. చూస్తే రిమ్ము లోపలి వైపు వండ్రుమట్టి ఎండి అంటుకుని ఉంటుంది. నీళ్లతో కడిగి బ్యాలెన్సింగ్ చేస్తే పోయేదానికి అలైన్‌మెంట్ డబ్బులు ఎందుకు?

వేగం సంగతీ చెప్పాలి. మలుపులో పక్కకి తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 40 మీద పోయే మలుపుని 60 మీద తీసుకుంటే వేగం ఒకటిన్నర రెట్లే, తోసే బలం రెండుంబావు రెట్లు. టో, క్యాంబర్ ఎంత చక్కగా పెట్టినా అంత తేడాని పూడ్చలేవు. లాకుల దగ్గర, కాలువ వంతెనల దగ్గర రోడ్డు ఒక్కసారిగా విరుగుతుంది. కొన్ని మలుపుల్లో గట్టు కుంగి వాలు కూడా బయటికే ఉంటుంది, అక్కడ రోడ్డే మిమ్మల్ని కాలువ వైపు తోస్తుంది. ఊడ్పుల రోజుల్లో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ల చక్రాల మట్టి పెళ్లలు తారు మీద రాలి, చినుకు పడగానే సబ్బులా అవుతాయి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం టైరు కింద గోళీల్లా దొర్లుతుంది. రొయ్యల లారీల నుంచి కారిన నీళ్లు ఎండాకాలంలో కూడా మలుపుల్లో తడి చేస్తాయి. మీకు తేడా ఏ మలుపులో వచ్చిందో, ఆ రోజు రోడ్డు ఎలా ఉందో ఒక వారం గమనించండి. పొడి రోడ్డు మీద, అదే కుడి మలుపులో, అదే వేగానికి ప్రతిసారీ వస్తే నేను పైన చెప్పిన ఎడమ వెనక అనుమానం బలపడుతుంది. తడిలోనే వస్తే టైర్లు మార్చిన రోజే సగం పోతుంది.

టైర్లు వెనక్కి మార్చాక రెండు రోజులు అలాగే నడిపి, తేడా ఎంత తగ్గిందో చూసి, అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. రెండు పనులూ ఒకేరోజు చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. నాలుగు చక్రాల ప్రింటు వచ్చాక వెనక ఎడమ టో, వెనక కుడి టో, ముందు రెండు వైపులా క్యాంబర్, క్యాస్టర్, ఈ ఆరు అంకెలు ఇక్కడే రాయండి. వెనక ఎడమ టో మైనస్‌లో, అంటే టో-అవుట్‌లో, ఉంటే, ఏ బిల్లూ కట్టకముందు నాకు చెప్పండి, బీమ్ వంగిందా బుష్ పోయిందా అన్నది ఎలా తేల్చాలో చెబుతాను.